పిల్లల గది కుళాయి

గొట్టాల పని చూస్తున్న మామయ్య గారికి,

నమస్కారం. లైబ్రరీ దగ్గరికి క్షేమంగా చేరారని తెలిసింది, సంతోషం. ఇది ఆఫీసు ఉత్తరం కాబట్టి "మీరు" అంటున్నాను, నవ్వకండి. సైటు నుంచి వచ్చే ఉత్తరాలన్నీ ముందు మా ఆఫీసు పెద్దాయనే విప్పి, చదివి, ముద్ర కొట్టి నా బల్ల మీద పడేస్తారు. అందుకని చిన్నప్పుడు నేను బకెట్లో కూర్చుని ఇరుక్కుపోయిన సంగతులవీ రాయకండి.

గొట్టాలు బిగించడం మీరు వెళ్లేలోపే అయిపోయింది. నీలం గొట్టాల్లో మంచినీళ్లు. ఊదా గొట్టాల్లో వాడిన నీళ్లు. సింకుల్లో చేతులు కడిగిన నీళ్లు కింద ట్యాంకులో వడపోత అయి, పంపుతో పైకెక్కి, మరుగుదొడ్లకీ మొక్కలకీ పోతాయి. ఈ రెండూ ఎక్కడా కలవకూడదు. పది రోజుల్లో తనిఖీ, అందాకా మీరు కనిపెట్టుకుని ఉంటే చాలు. నేను సొంతంగా గీసిన మొదటి కట్టడం ఇది. ఇందులో తప్పు దొరికిందంటే మళ్లీ నా చేతికి పెన్సిలు ఇవ్వరు.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. ప్లాను ఏడు షీట్లూ పంపుతున్నాను. ఊరికే దగ్గర ఉంచుకోండి, చూడక్కర్లేదు. అన్నీ సరిచూశాను.

* * *

మేనకోడలికీ, ఈ ఉత్తరం ముందుగా విప్పిన పెద్దాయనకీ మామయ్య ఆశీస్సులు.

కట్టడం అదిరిందే! వెలుతురు ఎంత బాగా వస్తోందంటే, మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామంటే చీకటి మూల ఒక్కటీ దొరకలేదు. గొట్టాలే నాకు నచ్చలేదు. నీలం, ఊదా, నీలం, ఊదా, రంగులరాట్నంలా ఏమిటా హంగు? చదువుకునే చోటు కదా! నలభై ఏళ్లు గొట్టం కంటికి ఆనకుండా పని చేసినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేకపోయాను. నాలుగు డబ్బాల తెల్ల రంగు తెప్పించి మూడంతస్తులూ కొట్టించేశాను. ఇప్పుడు చూస్తుంటే ప్రాణం హాయిగా ఉంది.

ఇట్లు,
మామయ్య

తా.క. సబ్బు నీళ్లు పోసి నిన్ను ఆ బకెట్లోంచి లాగింది నేనే. పెద్దాయన గారికి తెలిసి ఉంటే మంచిది.

ఇంకో తా.క. పిల్లల గదిలో మంచినీళ్ల కుళాయికి పిడి లేదు. తొందరేం లేదు, కొత్తది పంపకు.

* * *

మామయ్యా! గారూ!

ఎంత పని చేశారండీ! అది హంగు కాదు, గుర్తు! ఇప్పుడు ఏ గొట్టంలో ఏ నీళ్లున్నాయో ఆ దేవుడికి కూడా తెలీదు. తనిఖీకి వారమే ఉంది. పెద్దాయన మీ ఉత్తరం మీద ముద్ర కొట్టలేదు, నా బల్ల మీద గుద్దారు. "ప్రతి గొట్టమూ మొదటి నుంచి తేల్చుకోకపోతే ఆ తలుపు తెరిచేది లేదు" అన్నారు.

ఇక సొంత తెలివి వద్దు, నేను చెప్పినట్టు చేయండి. వాడిన నీళ్ల ట్యాంకులో మిఠాయిల్లో వేసే ఎర్ర రంగు కలపండి. పంపు వేయండి. కుళాయిలూ మరుగుదొడ్లూ ఒక్కొక్కటే తెరిచి చూడండి. ఎర్ర నీళ్లొచ్చిన చోట ఊదా రంగు, మామూలు నీళ్లొచ్చిన చోట నీలం రంగు మళ్లీ కొట్టించండి.

కోపంతో,
మీ మేనకోడలు

తా.క. కొత్త కుళాయికి పిడి ఎలా పోతుందండీ? పంపుతున్నాను.

* * *

కోపంగా ఉన్న మేనకోడలికీ, బల్ల గుద్దిన పెద్దాయనకీ ఆశీస్సులు. చెయ్యి నొప్పి తగ్గిందా అండీ?

చెప్పినట్టే చేశాం. వాచ్‌మన్ కింద నుంచి "ఎరుపే!" అని, నేను పై నుంచి "తెలుపే!" అని ఒకటే కేకలు. వీధిలో వాళ్లు ఓట్లు లెక్కపెడుతున్నారనుకుని గుమిగూడారు. మరుగుదొడ్లన్నిట్లో ఎరుపు. సింకుల్లో తెలుపు. మంచినీళ్ల కుళాయిలు తొమ్మిదిలో ఎనిమిదింట తెలుపు. పిల్లల గది కుళాయికి పిడి బిగించి తిప్పితే మాత్రం ఎర్రగా వచ్చింది.

ఈ రంగుల హడావిడిలో నేనే ఏదో తారుమారు చేసి ఉంటాను. అతుకు కోయించి మంచినీళ్ల గొట్టానికి కలిపించాను. బాగా కడిగించి మళ్లీ చూశాం, తెలుపే. తప్పు నాది. ఇంతటితో వదిలేయండి.

ఇట్లు,
మామయ్య

తా.క. "పోయేది మరుగుదొడ్డికే కదా, ఆ నీళ్లకి ఇంత ముస్తాబెందుకు?" అంటున్నాడు వాచ్‌మన్. జవాబు నువ్వే రాయి, నా వల్ల కాలేదు.

* * *

మామయ్య గారికి,

నిన్న తనిఖీ అయింది. నెగ్గాం. కానీ మీతో ఒకటి చెప్పాలి.

పైన రంగు కొడితే గొట్టం దారి మారదు కదా! మీ ఉత్తరంలో "నేనే ఏదో తారుమారు చేసి ఉంటాను" అన్న చోటే ఆగిపోయాను. ఏడో షీటు తీసి చూశాను. పిల్లల గదికి పోయే గీత నీలమే, కానీ మెట్ల పక్కన దాన్ని ఊదా గీత నుంచి లాగాను. కూలీలు నేను గీసినట్టే బిగించారు. మామయ్యా, పిల్లలు తాగే కుళాయి!

షీటు తీసుకెళ్లి పెద్దాయన ముందు పెట్టి, "తప్పు ఆయనది కాదండీ, నాది" అన్నాను. పెద్దాయన షీటు మీద ఆ గీత వెంట వేలు పోనిచ్చారు. తర్వాత, "ఇకమీదట ప్రతి కట్టడానికీ రంగు నీళ్ల పరీక్ష నువ్వే పెట్టించాలి" అన్నారు. పెన్సిలు మాత్రం లాక్కోలేదు.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. ఒక్కటి అంతుపట్టడం లేదు. ఇన్ని రోజులూ అంతమంది పని చేశారు కదా, ఆ కుళాయి నీళ్లు ఒక్కరూ తాగలేదా?

* * *

చిట్టితల్లికి,

ఈసారి మీ ఇంటికే రాస్తున్నాను, కాబట్టి పెద్దాయనకి ఆశీస్సులు లేవు.

చూడక్కర్లేదు అని రాసిన షీట్లు చూడకుండా ఎవడుంటాడే? వచ్చిన రోజే చూశాను. చూసిన మరుక్షణం వెళ్లి ఆ కుళాయి పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఇక తాగేదెవరు?

నీకు ఉత్తరం రాద్దామంటే ముందు ఆయన విప్పుతారు. ఫోను చేస్తే "అన్నీ సరిచూశాను మామయ్యా" అని పెట్టేస్తావు. ఆ ఒక్క అతుకూ నేనే గుట్టుగా మార్చేస్తే మిగతావాటి మాటేమిటి? అందుకే ఆ నాలుగు డబ్బాల రంగు. గొట్టాలన్నీ మళ్లీ చూడాల్సి రావాలి, తిట్లు నాకు పడాలి, నీ పెన్సిలు నీకుండాలి. ఇంత నాటకం ఆడితే, నువ్వెళ్లి నీ నోటితో నువ్వే చెప్పేస్తావా! నా రంగంతా దండగ.

అయినా నువ్వు దాచుకుని ఉంటే నాకింత గర్వంగా ఉండేది కాదే.

ఇట్లు,
నీ మామయ్య

తా.క. కొత్త పిడి తీసేసి పాత పిడే బిగించేశాను. మొదటి గ్లాసు నీళ్లు నేనే తాగాను, చల్లగా ఉన్నాయి. నువ్వు పంపిన కొత్త పిడి మాత్రం జేబులోనే ఉంచుకున్నాను. నీ రెండో కట్టడానికి కూడా షీట్లు పంపుతావుగా!