ఒంటి ఏడు, ఒంటి పన్నెండు

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ, షెడ్డులో పనివాళ్ళూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ అల్లుడూ అలాగే ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. మీ అమ్మ బట్టలు బీరువాలోనే ఉన్నాయి. తలుపు తెరుస్తాను, మూస్తాను. ఏడుపు వస్తోందా అని అడిగావు. రావడం లేదు. గడ్డి నానబెట్టడం, ఉడికించడం, సంచుల్లో కూరడం, అన్నీ ఎప్పటిలాగే జరుగుతున్నాయి. చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి.

పుట్టగొడుగులు తగ్గాయా అన్నావు. తగ్గాయి. సంచికి కిలో వచ్చేది, ఇప్పుడు పావు కూడా కష్టం. మన రకం ముసలిదైపోయిందని నువ్వన్నది నిజమే. అందుకే అమ్మ దాచిన రెండు గొట్టాలూ పంపమన్నావు, మీ ల్యాబులో వాటిని మళ్ళీ కలిపి కొత్త విత్తనం తీస్తానన్నావు. పోయిన ఉత్తరంలో ఆ సంగతి దాటేశాను.

నీకు తెలిసిందే, నాకే ఆలస్యంగా తెలిసింది. మన ఒంట్లో కణానికి తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి, రెండు వాటాలుంటాయి. పుట్టగొడుగు కింద రాలే పొడిలో రేణువుకు ఒక్క వాటాయే. నీ పుస్తకంలో దాన్ని ఏకస్థితికం అన్నారు. మీ అమ్మ ‘ఒంటి’ అనేది. ఒంటి రేణువు మొలిచి తెల్లదారంలా ఎంతైనా పాకుతుంది గానీ, తనకు పడే జోడు తగిలేదాకా గొడుగు ఎత్తదు. ఏ ఒంటికి ఏది పడుతుందో చూడడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. చివరికి రెండు మిగిల్చి, గొట్టాల మీద ‘ఒంటి 7’, ‘ఒంటి 12’ అని రాసి ఫ్రిజ్‌లో పెట్టింది.

ఆమె సూదిమందులు కూడా ఆ ఫ్రిజ్‌లోనే ఉండేవి. ఆమె పోయిన ఐదో రోజు మందులన్నీ తీసి పారేశాను. ఒంటి అని రాసి ఉంటే ఒంటికి సంబంధించిందే అనుకున్నాను. ఆస్పత్రివాళ్ళు తీసిన రక్తమో, పూతమందో అని. పన్నెండు చేతికి వచ్చింది, పోయింది. ఏడు మంచులో అతుక్కుని రాలేదు. లాగే ఓపిక లేక వదిలేశాను.

గొట్టాల సంగతి నువ్వు మొదటిసారి రాశాకగానీ అదేమిటో తెలియలేదు. ఏడులోంచి కొంచెం తీసి సంచిలో వేసి చూశాను. సంచంతా పాలలా తెల్లబడింది. నలభై రోజులైనా ఒక్క మొగ్గ లేదు. షెడ్డులో సంచులు కట్టే ఆవిడ, నువ్వు అత్తా అని పిలుస్తావే, ఆమె రోజూ వచ్చి చూసేది.

“ఏంటన్నయ్యా, దీనికింకా నెల తప్పలేదా?” అంది ఓరోజు.

“జోడు లేదు.”

“ఏమైంది?”

“నేనే పారేశాను.”

ఆమె చేతిలో ఉన్న సంచి మూతి బిగించింది. “వదినుంటే నిన్ను ఇందులో కూరి కట్టేది,” అని ఇంకో సంచి అందుకుంది.

నిన్న పొద్దున పాత రకం గొడుగు ఒకటి కోసి పొడి రాల్చాను. తెల్లపొడి కనబడాలంటే కింద నల్లది కావాలి. ఇంట్లో నల్లకాగితం లేదు. అమ్మ ఎక్స్‌రే ఒకటి మంచం కింద ఉండిపోయింది. ఎముకలు లేని మూల చూసి కత్తిరించి, దానిమీద బోర్లించాను. సాయంత్రానికి పొడి విసనకర్రలా పడింది. ఏడుతో పాటు దాన్నీ పంపుతున్నాను. ఏడుకు పడే ఒంటి అందులో దొరకొచ్చు. పన్నెండు మాత్రం దొరకదు. దొరికినదానికి కొత్త నెంబరు వెయ్యి. గొట్టం మీద ఒంటి అని మాత్రం రాయకు.

నా ఒంట్లో ఎలా ఉందని చివర్లో అడిగావు. ‘ఒంట్లో’ అన్న మాట రెండుసార్లు చదివాను. బాగానే ఉంది.

ఇట్లు,
నాన్న