చెప్పులు వేసుకోమన్న పోలీసు

మంగళవారం, నిజ్వా, ఒమన్

మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉండగా ఇక్కడి పోలీసు నా వ్యాన్ ఆపాడు. అడక్కముందే దిగి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా ఎరుకల పేటలో పోలీసు కనిపిస్తే అందరం చేసేది అదే. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మా గడపకే వస్తారు.

అతను నా కాళ్లవైపు చూసి, "చప్పల్ పెహనో, భాయ్" అన్నాడు. నేల కాలుతోందని నాకు అప్పుడు తెలిసింది. వెనక లైటు వెలగడం లేదని చెప్పి పంపేశాడు.

ఇదంతా ఫోన్లో చెబితే మా ఆవిడ నవ్వలేదు.

"మన కాడ కొత్త ఎస్సై పేటలో మీటింగ్ పెట్టినాడు. ఇంక బయపడొద్దని చెప్పి, అందరికీ కుర్చీలేయించినాడు."

"కూర్చున్నారా?"

"కూర్చున్నాం. చెప్పులు మాత్రం దూరంగానే విడిచినాం."

మా పాప కూడా విడిచిందా అని అడగబోయి ఊరుకున్నాను.