ఖాళీ ఇల్లు

షాబాజ్ గారికి,

బందరులో మీరు కొంటున్న ఇంటికి విలువ కట్టమని మీ బ్యాంకు పంపిన ఇంజినీరును నేనే. రిపోర్టు ఎందుకివ్వలేదని నిన్న ఫోనులో నామీద అరిచారు. నన్ను మాట్లాడనివ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

ఇల్లు గట్టిదే. నేను టేపు పట్టుకుని వెళ్ళేసరికి, వెనక గదిలో అద్దెకుంటున్న ఖైరున్ బీని ఓనరు ఖాజా, అతని బావమరిది కలిసి జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తున్నారు. ఆవిడ గడప వదల్లేదు. గడపను పట్టుకున్న ఆ వేళ్ళ మీద బావమరిది గునపంతో బాదాడు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినబడింది. అడ్డం వెళితే రెండో దెబ్బ నా మోచేతి మీద పడింది.

ఖాజా మాత్రం నాకు కుర్చీ వేశాడు. "మీరు కొలుచుకోండి సార్. ఈ గది కూడా ఇప్పుడే ఖాళీ అయిపోద్ది. నెత్తురు కడిగించేస్తాం" అన్నాడు.

ఎందుకయ్యా ఇదంతా అని అరిచాను.

"శుక్రవారానికల్లా ఇంట్లో మనిషనేవాడు ఉండకూడదన్నారండీ షాబాజ్ గారు. ఎలా ఖాళీ చేయిస్తావో నాకనవసరం అన్నారు."

ప్రతి గదికీ ఫొటో తీసి బ్యాంకుకు పంపడం నా పని. ఆ గదికీ తీశాను. రిపోర్టు బదులు అదే పంపాను. పోలీసులకూ ఇచ్చాను. మీకూ ఒక కాపీ పెడుతున్నాను.

కుట్టుపని చేసుకు బతికే ఖైరున్ బీకి పెద్దాసుపత్రిలో మూడు వేళ్ళు తీసేశారు. ఖాజా, బావమరిది స్టేషన్లో ఉన్నారు. మీరు కోరినట్టే ఇంట్లో మనిషనేవాడు లేడు.

వచ్చి చూసుకోండి.