ఐదో వైరు, ఏడో వైరు

కోకోమో, ఇండియానా
1985 మే 28

మొండి నాన్నకి,

ఫోన్ చేస్తే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. చించేసినా సగమైనా చదివే చించుతావు, నీ సంగతి నాకు తెలుసు.

ఆదివారం నువ్వు నేను చేసుకోబోయే క్లీట్‌ని అన్న మాట నాకింకా మింగుడు పడలేదు. అతను విదేశీ కార్ల షెడ్డులో పనిచేస్తాడన్నది నీ కోపం. ఆ కార్లలోలా, వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్ ఇరుసుని నెత్తిమీద పెట్టుకున్న ఇంజన్లంటే నీకు గిట్టదు. నాకు ప్రార్థన కంటే ముందు నేర్పింది నువ్వే కదా: ఒకటే కామ్‌షాఫ్ట్, అదీ బ్లాకు నడుమ. పదహారు కడ్డీలు పైకి తోస్తే వాల్వులు తెరుచుకుంటాయి. అందుకే ఇంజన్ పొట్టిగా ఉంటుంది, ఏ బానెట్ కిందైనా ఇముడుతుంది. మెల్లగా వెళ్తున్నా బండెడు బరువు లాగుతుంది, దారిలో ఆగినా నాలుగు రెంచీలతో బాగుపడుతుంది. ఇదంతా నేనూ ఒప్పుకుంటాను. ఇంజన్ల విషయంలో నేను నీ పక్షమే నాన్నా.

కానీ మనిషి విషయంలో కాదు. మన షెడ్డులో నీ ఇంజన్ ముందు నిలబెట్టి, ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే వైర్లు చేతికిచ్చి, "ఈ ఎనిమిది వైర్లూ తగిలించు చూద్దాం" అన్నావు, తగిలించాడు. కోడివేపుడు తిని మళ్ళీ షెడ్డుకొచ్చి తాళం తిప్పితే ఇంజన్ దగ్గి, తుమ్మి, కార్బొరేటర్‌లోంచి మంట కక్కింది. ఐదో వైరూ ఏడో వైరూ తారుమారయ్యాయి. నువ్వు పగలబడి నవ్వావు.

"ఏమోయ్, ఐదేదో ఏడేదో తెలియనివాడివి మా పిల్లనేం చూసుకుంటావ్?"

అతను తల వంచుకుని "పొరపాటు నాదేనండీ" అని వైర్లు మార్చాడు. నాకు ఏడుపొచ్చింది. ఎప్పుడూ చెప్పలేదు గానీ, నువ్వు మెచ్చుకోవాలని చిన్నప్పటినుంచీ చేతులు గ్రీజు చేసుకున్నాను. నువ్వు మెచ్చని మనిషిని చేసుకోవడం నాకు కష్టం. అయినా చేసుకుంటాను. శనివారం పెళ్ళికి నువ్వు చెయ్యి పట్టి నడిపించకపోతే, చర్చిలో ఒంటరిగానే నడుస్తాను.

నీ లవోన్


లోగన్స్‌పోర్ట్
మే 30

నా లవోన్ తల్లికి,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ నాలుగు రోజులుగా దాచుకున్న మాట అనేసింది: "ఓర్విల్, చేసింది చాలు, ఇక చెప్పు."

చెప్తున్నాను. ఆ వైర్లు మార్చింది నేను. భోజనానికి మీరు చేతులు కడుక్కుంటుంటే గబగబా వెళ్ళి ఐదూ ఏడూ తారుమారు చేశాను. ఆ రెండు సిలిండర్లూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని వెంట ఒకటి మండుతాయి, ఆ రెంటి దగ్గరే ఎంతటివాడైనా పొరబడతాడు. అతను చేతకానివాడని నీకు చూపించాలనుకున్నాను. సిగ్గుమాలిన పని.

మీరు వెళ్ళాక దగ్గరికెళ్ళి చూశాను. తగిలించేటప్పుడే ప్రతి వైరు మీదా సుద్దతో అంకె వేసి పెట్టాడు కుర్రాడు! తాను సరిగ్గా పెట్టినవి ఎవరో మార్చారని చూడగానే తెలిసి ఉంటుంది. షెడ్డులో ఇంకెవరున్నారు?

నిన్న అతను పనిచేసే షెడ్డుకే వెళ్ళి అడిగాను, "తెలిసీ ఎందుకు నోరు మూసుకున్నావు?" అని.

"లవోన్‌కి మీరంటే ప్రాణమండీ. ఆమె ముందు మీరు చిన్నబోతే నేను చూడలేను" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా నవ్వుకున్నాను, కొంచెం ఏడ్చాను కూడా. ఇంజన్ల విషయంలో అతను ఇప్పటికీ తప్పే, అది వేరే గొడవ. దాని మీద మేమిద్దరం ఇంకో ముప్ఫై ఏళ్ళు పోట్లాడుకుంటాం.

శనివారం రమ్మంటావా? వద్దన్నా వస్తాను. చర్చి గుమ్మం ఎదురుగా బండి ఆపి, లోపల ఫాదర్ మాట ఎవరికీ వినపడకుండా ఇంజన్ రయ్‌రయ్‌మనిపిస్తూ కూర్చుంటాను. నువ్వు నన్ను పిలవకపోయినా, పెళ్ళికొడుకు బయటికొచ్చి పిలుస్తాడు.

మీ నాన్న
ఓర్విల్