మేత సంచులు హంసలైన పటం

ఏవండీ,

మొన్న ఆదివారానికి మీరు పోయి ఏడాది నిండింది. జ్ఞాపకార్థ కూడికకని అల్లుడు ఏలూరులో ఒక పటం చేయించి తెచ్చాడు. మీరు కొల్లేరు గట్టు మీద నిలబడి తీసిన ఫోటోనే, కంప్యూటర్లో పెయింటింగులా మార్పించాడట. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

చేపల చెరువులో కర్రలకు కట్టిన మేత సంచులు హంసలైపోయాయి. కొల్లేట్లో హంసలేమిటండీ! నాచు పట్టిన నీళ్ళు పెళ్ళి మండపం వెనక తెరలాగా నీలంగా మెరుస్తున్నాయి. రంగులద్ది అందంగా చెయ్యమన్నవాళ్ళని, "ఉన్నదే వస్తుందండీ ఫోటోలో" అని స్టూడియో మెట్ల మీంచే పంపేసేవారు మీరు.

అంతవరకూ ఓర్చుకునేదాన్నే. ఆ ఫోటో అడుగున గట్టు మీద మీ నీడ పడింది కదా, కెమెరా పట్టుకుని, మోచేతులు రెండూ పక్కలకు పెట్టి. ఊరందరికీ ఫోటోలు తీసిన మీకు, పనిలో ఉండగా మిగిలిన బొమ్మ అదొక్కటే. అక్కడ తామరపూలు పెట్టారు.

"నీడ పడితే తప్పు ఫోటో అంటండీ అత్తయ్యగారూ, అందుకే తీయించేశాను" అన్నాడు అల్లుడు, మెచ్చుకుంటానని చూస్తూ.

అమ్మాయీ అల్లుడూ వెళ్ళాక మీరు తీసిన ఆ పాత ఫోటోని మైదా జిగురుతో ఆ పటం వెనక అట్టకి అంటించి, వెనకవైపు కనబడేలా గోడకి తగిలించాను.

నిన్న పాస్టరమ్మగారొచ్చి, "పటం తిరగబడిందండీ" అన్నారు.

"లేదండీ, ఇప్పుడే సరిగ్గా ఉంది" అన్నాను.