హీటరు కాయిల్లో ముడి

నాయనా,

ఈపొద్దు నీ తద్దినం. వంట మధ్యలో మళ్లా ఫ్యూజు పోయింది. పక్కింటి సెల్వం మన లైనుకు దొంగతీగ తగిలిస్తాండాడని నాకు శానా దినాలుగా అనుమానం. నీ పాడె మోసినోడే, అయినా వాణ్ణి నమ్మలేదు. గోడెక్కి చూసినాను, తీగ దొరకలేదు. యాడ దాచినాడో అనుకుంటా, గోల్డ్ మైన్లో కరెంటు పనికి నువ్వు వాడిన మీటరు తీసి ముందు మన వంట హీటరుకే పెట్టినాను.

230 వోల్టులు, ఐదు ఆంపులు. నువ్వు నేర్పినట్టు భాగిస్తే నలభై ఆరు ఓములు, గుణిస్తే 1150 వాట్లు. ఇది వెయ్యి వాట్ల కాయిల్ కదా! తెగినప్పుడల్లా కొసలు కత్తిరించి ముడేసినావు. కాయిల్ పొట్టిదయ్యేకొద్దీ కరెంటు ఎక్కువ లాగింది. దానికి ఫ్యాను తోడైతే ఐదు ఆంపుల ఫ్యూజు యాడ నిలుస్తాది? దొంగవి నువ్వే నాయనా.

కొత్త కాయిల్ తెస్తానంటే అమ్మ ఒప్పుకోలా.

"ఫ్యాను ఆపుకోమ్మా. ఆ ముడి మీ నాయన ఏసింది" అనింది.