డోలు వంతు

ఆదివారం, రాత్రి

ఈరోజు అనంతపురంలో డోలు లేకుండా ఒక్కణ్ణే నాదస్వర కచేరీ చేశాను. కరోనాలో పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు ఇంట్లో గోడకేసి వాయించుకున్నవే వాయించాను. మధ్యలో డోలు వంతు రాగానే ఆగిపోయాను. అప్పుడూ ఇంతే, పక్కన నా డోలు జోడీ బాషా లేకపోయినా అతని వంతు వదిలేవాణ్ణి. జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. సిగ్గేసింది.

బాషా ముందు వరుసలోనే ఉన్నాడు. డోలు అమ్మేసి, రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుడుతున్నాడిప్పుడు. తర్వాత వచ్చి అడిగాడు.

"ఏమన్నా, నా వంతు అట్లనే ఇడ్సిపెట్టినావు?"

"నువ్వు పక్కన లేవని మర్సిపోయినా లేప్పా."

అది అబద్ధమో నిజమో నాకే తెలియడం లేదు. మళ్ళీ రమ్మందామంటే, పెళ్లిళ్లన్నీ డీజేలవే...

కచేరీలో ఆ చప్పట్ల గోలలోనూ, డోలు వంతు ముగిసేచోట తాళం తప్పకుండా మళ్ళీ ఎత్తుకున్నాను. అప్పుడు నేను చూస్తున్నది, తొడమీద ఆడుతున్న బాషా వేళ్లనే.